కోదాడలో కూలెంట్ పాఠం

మిర్యాలగూడ టాక్సీ స్టాండులో యోహాను కారంటే ఒక మర్యాద ఉంది. పాతదే అయినా అద్దం మీద దుమ్ము నిలవనివ్వడు, సీటు కవరు మాయనివ్వడు. ఆ కారు సంపాదనతోనే కూతురు కృపను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివించాడు. ఆ రోజు మాత్రం కిరాయిలేవీ ఒప్పుకోలేదు. కోదాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ కృపను లెక్చరర్ ఉద్యోగానికి పిలిచింది. పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి.

"బస్సుల పోత నాన్నా," అంది కృప.

"ఇంట్ల కారుండంగ బస్సెందుకు బిడ్డా?" అని తలుపు తీసి పట్టుకున్నాడు.

జూన్ వచ్చినా ఎండ తగ్గలేదు. నేరేడుచర్ల దాటగానే ఇంజన్ వేడి చూపించే ముల్లు పైపైకి ఎగబాకింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. యోహాను కారు పక్కకు తీసి, చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

"మూత ముట్టకు నాన్నా. లోపల ప్రెషర్ మీదున్నది. నూరు డిగ్రీలు దాటినా మరగకుండ ఆ ప్రెషరే ఆపుతున్నది. మూత తీస్తే అంతా ఆవిరై మొకం మీదికొస్తది."

ఆ సంగతి యోహానుకు తెలియంది కాదు. బిడ్డకు ఆలస్యమైపోతోందన్న ఆత్రంలో మరిచాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇంజన్ చల్లారాక చూస్తే గొట్టం దగ్గర క్లిప్పు వదులై నీళ్ళు కారిపోయాయి. దాన్ని రెప్పపాటులో బిగించాడు. మూత తీస్తే అడుగున మిగిలిన నీళ్ళు ఎర్రటి తుప్పు రంగులో ఉన్నాయి. డిక్కీలోంచి బోరు నీళ్ళ క్యాను తీశాడు.

"అవి వద్దు నాన్నా."

"ఇన్నేండ్ల సంది ఇవే పోస్తున్న. సల్లార్సేది నీళ్ళే గదా?"

"నీళ్ళే. వేడిని మోసుకపోవుట్ల నీళ్ళకు సాటి లేదు. కాని తొందరగ మరుగుతయ్, ఇనుముకు తుప్పు పట్టిస్తయ్. మన బోరు నీళ్ళల్ల సున్నం గూడ ఎక్కువ. అమ్మ నీళ్ళు కాగబెట్టే గిన్నెకు తెల్లగ పొర పట్టలేదా? రేడియేటర్ సన్న గొట్టాలల్ల గూడ గట్లనే పడతది."

"అయితే మొత్తం షాపులల్ల అమ్మే ఆ కూలెంట్ మందే పోద్దాం."

"అదొక్కటే అయితే చిక్కగుంటది, వేడిని నీళ్ళంత మొయ్యదు. దాంట్ల గ్లైకాల్ అనే రసాయనం ఉంటది. శుద్ధమైన నీళ్ళల్ల సగం సగం కలిపితే నూరు దాటినంకనే మరుగుతది. తుప్పు పట్టకుండ మందు గూడ దాంట్లనే కలుపుతరు. ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తది."

యోహాను కూతురి వంక చూశాడు. ఇంట్లో పుస్తకం మీద వంగిన తలే తప్ప, ఆమె పాఠం చెప్పగా ఇంతవరకు వినలేదు. క్యాను తిరిగి డిక్కీలో పెట్టేసి, షేర్ ఆటో ఎక్కి నేరేడుచర్ల వెళ్ళి, ముందే నీళ్ళు కలిపి అమ్మే కూలెంట్ తెచ్చాడు. ఆలోపు కృప రేడియేటర్ అడుగున ఉన్న బిరడా విప్పి ఆ ఎర్ర నీళ్ళను ఖాళీ సీసాలోకి పట్టుకుంది.

కూలెంట్ పోసుకుని కాలేజీకి చేరేసరికి పిల్లలు క్లాసులో ఎదురుచూస్తున్నారు. ప్రిన్సిపాల్ సుధ గడియారం చూసుకుంది. కృప సంజాయిషీ చెప్పుకోలేదు. తయారుచేసుకున్న పాఠం పక్కన పెట్టి, ఎర్ర నీళ్ళ సీసా బల్ల మీద పెట్టి, దారిలో జరిగిందే పాఠంగా చెప్పింది. యోహాను వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాడు.

"మేడం, అది చలిదేశాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా పోస్తారంట కదా? మనకెందుకు?" ఒక అమ్మాయి అడిగింది.

"నీళ్ళల్లో కలిసిన గ్లైకాల్ రెండు పనులూ చేస్తుంది. చలికి తొందరగా గడ్డకట్టనివ్వదు, వేడికి తొందరగా మరగనివ్వదు. మనకు రెండోది కావాలి," అంది కృప. తర్వాత కిటికీ వైపు చెయ్యి చూపింది. "క్లిప్పు వదులైందని కనిపెట్టి బిగించింది మా నాన్న. ఆయన లేకపోతే ఈ పాఠం రోడ్డు మీదే ఆగిపోయేది."

క్లాసంతా వెనక్కి తిరిగింది. యోహాను చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

పాఠం అయ్యాక సుధ బయటికొచ్చి, "సోమవారం వచ్చి చేరండమ్మా," అంది కృపతో. యోహానుకు నమస్కారం చేసి, "మీ అమ్మాయి బాగా చెప్పిందండీ," అంది.

కారు దగ్గరికి రాగానే యోహాను భార్య వీరమ్మకు ఫోన్ చేశాడు.

"ఏమాయె? ఉద్యోగం వచ్చిందా?"

"వచ్చిందిగాని, జర ఆగు. ముందు నీ బిడ్డ చెప్పిన పాఠం ఇను," అని రోడ్డు పక్కన ఎండలో నిలబడి, నీళ్ళు ఎప్పుడు మరుగుతాయో అక్కడి నుంచి మొదలుపెట్టాడు.