పెళ్లి కాకుండా చనిపోయిన టామసిన్

పొద్దున టీ బల్ల తీసేశాక సర్ ఆంబ్రోజ్ పక్కన కూచుని ఆయన ఉత్తరాలు రాయడం పదేళ్లపాటు నా పని. కీళ్లవాతంతో ఆయన కుడిచేతి వేళ్లు వంకర్లు పోయి కలం నిలవదు. గుమాస్తాని పెట్టుకోమని ఒకసారి అంటే నవ్వారు. "ఇంట్లో చెయ్యి ఉండగా జీతమిచ్చి బయటి చెయ్యి తెచ్చుకుంటారా ఎవరైనా?" అన్నారు. అప్పట్లో అది మెచ్చుకోలు అనుకున్నాను.

ఆ ఏడు యాపిల్ పళ్లు దింపే రోజుల్లో పాదిరి టిల్‌బ్రూక్ గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. మా జిల్లాలోని పాత కుటుంబాల చరిత్ర పుస్తకంగా వేస్తున్నారట, కెల్వెర్టన్ల వంశావళి పంపమన్నారు. సర్ ఆంబ్రోజ్ ఐదో బారోనెట్. ఆ బిరుదు మగవాళ్లకే దిగుతుంది. మా ముగ్గురు మగపిల్లలూ పసితనంలోనే పోయారు కాబట్టి ఆయన తర్వాత అది బ్రిస్టల్‌లో ఉన్న పినతండ్రి మనవడికి వెళ్తుంది. ఆ కుర్రాణ్ణి మేం ఒక్కసారే చూశాం. అయినా వంశావళిలో అతనికి నాలుగు పంక్తులు వచ్చాయి. తొమ్మిది రోజులు బతికిన నా రెండోవాడికి రెండు. నేను మాత్రం "ఈమె వలన వీరికి సంతానం" అన్నచోట ఉన్నాను. ఆయన చెప్తుంటే ఆ ముక్క నేనే రాసుకున్నాను.

టామసిన్ దగ్గరికొచ్చేసరికి కలం ఆపాను. మా ఒక్కగానొక్క కూతురు. ఇరవై ఒకటి నిండగానే ఇల్లు వదిలి వెళ్లి, మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి చాటింపు వేయించుకుని, లడ్లో ఊళ్లో గుర్రపు జీనులు కుట్టే నథానియెల్ పాస్క్‌ని చట్టప్రకారమే పెళ్లాడింది. అప్పటికి మూడేళ్లు.

"ఇక్కడేం రాయను?" అన్నాను.

"పెళ్లి కాకుండా చనిపోయింది అని రాయి."

"అది బతికే ఉంది కదండీ."

"నాకు లేదు," అన్నారు కిటికీ వైపు చూస్తూ.

మా ఆడబిడ్డ అర్సులా పెళ్లి చేసుకోకుండా ఈ ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. కుట్టుపని మీంచి తల ఎత్తకుండానే అంది: "జీనులు కుట్టేవాడి పేరు అందులో పడితే మన పెద్దవాళ్లు సమాధుల్లోంచి లేచి కూచుంటారు వదినా. ఒక్క ముక్క. నీ చెయ్యేం అరిగిపోతుంది?"

రాశాను. గొడవెందుకని రాశాను. ఎవరు చదువుతారులే అని, ఎలాగూ ఆయన మాటే కదా, నాదేముందని రాశాను. నిజం చెప్పాలంటే, మొదటి ఏడాది టామసిన్ నుంచి వచ్చిన మూడు ఉత్తరాలు అర్సులా తీసి దాచినప్పుడు కూడా ఇలాగే ఊరుకున్నాను. ఏవి అని అడగలేదు. అడిగితే ఇచ్చేదేమో. ఊరుకోవడం కూడా ఇంటిపనిలాంటిదే, చేయగా చేయగా చేతికి అలవాటైపోతుంది.

రెండేళ్లకు పుస్తకం అచ్చయి వచ్చింది. వచ్చిన చుట్టాలందరికీ ఆయన మా పుటలు చదివి వినిపించారు. నెల తిరక్కుండా నా పేరున ఒక ఉత్తరం వచ్చింది. ఆ రోజు అర్సులాకి జలుబు చేసి పడుకుంది కాబట్టి నేరుగా నా చేతికే వచ్చింది.

"లేడీ కెల్వెర్టన్ గారికి. పాదిరిగారి పుస్తకం మా ఊరికీ వచ్చింది. నేను చనిపోయిన సంగతి మాకు ఇప్పుడే తెలిసింది. ఏ జబ్బుతో పోయానో తెలియజేస్తే సంతోషిస్తాం. మా సూసన్నాకి నాలుగేళ్లు. దాని తల్లి పెళ్లి కాకుండా పోయిందని అచ్చులో ఉంది కాబట్టి, వీధిలో దాన్ని ఏమని పిలుస్తున్నారో మీకు వేరే చెప్పనక్కర్లేదు. టామసిన్ పాస్క్."

నాకు మనవరాలుందని అలా తెలిసింది. అర్సులా దాచిన ఉత్తరాల్లో ఒకదాంట్లో ఆ కబురుండే ఉంటుంది.

పాదిరిగారికి నిజం రాసి, దిద్దమని అడిగాను. సర్ ఆంబ్రోజ్ గారే స్వయంగా చెబితే తప్ప ఒక్క అక్షరం మార్చలేనని మర్యాదగా జవాబిచ్చారు. ఆ సాయంత్రం ఈయన్ని అడిగాను. "పుస్తకంలో తప్పేముంది? నువ్వే కదా రాశావు," అన్నారు.

మర్నాడు బండి కట్టమన్నాను. అయ్యగారు సెలవిచ్చారా అని బండివాడు అడిగాడు. అడగలేదన్నాను. కాసేపు నా మొహం చూసి, వెళ్లి గుర్రాల్ని తెచ్చాడు.

దుకాణం వెనక గదిలో టామసిన్ తోలు నానబెడుతోంది. చేతులు మోచేతుల దాకా గోధుమరంగు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. చేతులు తుడుచుకుని కుర్చీ చూపించింది.

"మీ నాన్న పట్టుబట్టారే," అన్నాను. దారంతా కూడబలుక్కున్నవి ఎన్నో ఉండగా ఆ మాటే వచ్చింది నోట్లోంచి.

"నాన్నగారికి కలం పట్టుకునే వేళ్లు లేవు," అంది నెమ్మదిగా. "ఆయన నన్ను చంపుతారని నాకు ముందే తెలుసు. చంపాలంటే ఆయనకో చెయ్యి కావాలి కదా. అక్కడ మీరు ఒప్పుకోరనుకున్నాను."

క్షమించమన్నాను. వినపడనట్టు బకెట్టు పక్కకి జరిపింది.

"నన్నేం చేయమంటావు?"

"ఏం చేస్తారు? అచ్చయిపోయింది."

అచ్చయినదాన్ని మార్చే శక్తి నాకు లేదు. కానీ ఆ ఊళ్లో నా మొహం తెలియనివాళ్లు లేరు. "ఆదివారం చర్చిలో మీరెక్కడ కూచుంటారు?" అని అడిగాను.

"వెనకాల. స్తంభం పక్కన."

"నాకూ చోటుంచు."

ఆ ఆదివారం మా ఊరి చర్చిలో కెల్వెర్టన్ల బల్ల మీద సర్ ఆంబ్రోజ్, అర్సులా ఇద్దరే కూచున్నారు. నేను లడ్లోలో స్తంభం పక్కన జీనులవాడికీ వాడి కూతురికీ మధ్య కూచున్నాను. ఊరు ఊరంతా మెడలు తిప్పి చూసింది. చూడనీ అనే వెళ్లాను. ఇంటికొచ్చాక ఆయన నాతో మాట్లాడలేదు, ఇప్పటికీ మాట్లాడరు. ఉత్తరాలకి గుమాస్తా వచ్చాడు.

ఇది పద్నాలుగో వారం. వీధిలో పిల్లని ఆ మాట అనడం తగ్గిందని నథానియెల్ చెప్పాడు. టామసిన్ ఏమీ చెప్పదు. పక్కకు జరిగి చోటిస్తుంది, అంతే. నిన్న పాట మధ్యలో సూసన్నా నా చేతి తొడుగు పట్టుకుని లాగుతూ తల్లిని అడిగింది, "అమ్మా, వారం వారం వచ్చే ఈవిడెవరు?" అని.

టామసిన్ పాటల పుస్తకంలోంచి కళ్లెత్తలేదు. "లేడీ కెల్వెర్టన్ గారు," అంది.

నేను ఆ మాటని దిద్దలేదు. దిద్దే హక్కు ఇప్పుడు టామసిన్‌దే.