పండుం కాకముందు కోసిన కాయ

కిష్టారం దగ్గరి ఊళ్లో బిందు మామిడికాయ కోసింది. కింద పడి ఉన్న కాయే. టెంక ముదిరిందో లేదో చూద్దామని చాకుతో రెండు చెక్కలు చేసింది. అడవిని చూసి చదువుకోవడానికి ఖమ్మం కాలేజీ నుంచి వచ్చిన విద్యార్థుల్లో ఆమె ఒకతె. మర్నాడు ఆ ఊరావిడ హిడ్మే ఆమెను అడవికి తీసుకెళ్లి దుంపలు చూపిస్తానంది. ప్రాజెక్టంతా ఆ దుంపల మీదే. ఆ ఒక్క రోజు తప్పితే మళ్లీ వీలుకాదు, బస్సు ఖమ్మం వెళ్లిపోతుంది.

చెక్కలు చూసి హిడ్మే గంప దించింది. వెళ్లి ఊరి పూజారి ఉంగను పిలుచుకొచ్చింది. విద్యార్థులు దిగిన ఇల్లు రైతు కాశయ్యది. అటు మాట ఇటు చెప్పేది ఆయనే.

"మామిడి పండుం, అంటే కొత్తకాయ పండుగ, ఇంక కాలేదు బిడ్డా. కొత్త కాయ ముందు దేవతకు పెట్టాలె. అప్పటిదాంక ఎవ్వరం నోట్ల పెట్టం. పెట్టినోళ్లను ఈళ్లు అడవికి తోల్కపోరు. తిన్నవా?" అని కాశయ్య అడిగాడు.

"లేదు మామా. కోశానంతే."

కాశయ్య ఆ మాట వాళ్ల దోర్లీ భాషలో చెప్పాడు. ఉంగ, హిడ్మే చాలాసేపు వాదించుకున్నారు.

"ఏమంటున్నారు?"

"కోసుడు తినుడు కాదంటది హిడ్మే. వేలు నాకిందేమో అంటడు ఆయన."

జీడి అంటిన బొటనవేలు చున్నీకి తుడుచుకున్నట్టు బిందుకు గుర్తు. తుడవకముందు ఏం చేసిందో గుర్తు లేదు.

"నాకలేదనుకుంటా."

"అనుకునుడేంది? నోరు నీదే గద."

ఉంగ తెలుగులోనే అడిగాడు. "పుల్లగున్నదా?"

"చాలా," అంది బిందు.

హిడ్మే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఉంగ నవ్వలేదు.

"వాసన చూసి చెప్పాను," అంది బిందు. అది నిజమో కాదో ఆమెకే తెలియలేదు. నోట్లో పులుపు ఉన్నట్టే ఉంది. మామిడికాయ పేరెత్తినా నోట్లో నీళ్లూరతాయి కదా. "తెలియదు తాతా. నాకానేమో, లేదేమో."

ఉంగ రెండు చెక్కలూ తీసుకుని లేచాడు. పోతూ హిడ్మేతో ఏదో అన్నాడు.

"ఏమన్నాడు మామా?"

"నాకూ ఇనబడలే."

పొద్దున హిడ్మే వాకిట్లో నిలబడి చెయ్యి చాచింది. బిందు నీళ్లసీసా ఇవ్వబోయింది. హిడ్మే తల అడ్డంగా ఊపి చాకు చూపించింది. తీసుకుని నడుముకు దోపుకుంది.

"అంటే రావచ్చా అక్కా? రాకూడదా?"

"నీ నోటిని నేను నమ్మ. ఏదీ ముట్టకు. కండ్లతో చూడు," అని హిడ్మే తనకొచ్చిన తెలుగులో చెప్పి నడక సాగించింది.

బిందు వెనకే వెళ్లింది. ఊరు దాటాక బొటనవేలు ఒకసారి వాసన చూసుకుంది.