సంతకం పెట్టినా దిగని బరువు

దుప్పటి కొసలు రెండూ పట్టుకుని ఒక్క దులుపు దులిపితే ఫట్‌మని మోగాలి. అలా మోగితేనే మడత నిలుస్తుంది. ఆసుపత్రి బట్టల గదిలో పదహారేళ్లుగా ఆవిడ పని అదే. చూడాలి ఆ చేతుల్ని! బట్టలుతికే సోడాకు వేలిముద్రలు అరిగిపోయాయి, గోళ్లు కాగితాల్లా పలచబడ్డాయి, మణికట్టు మీద ఆవిరి గొట్టం కాల్చిన మచ్చ గుండీ అంత ఉంటుంది.

మూట కట్టి వార్డుకు అప్పజెప్పాక పుస్తకంలో ఆవిడ సంతకం పెట్టాలి. అది పడిందా, ఇక ఆ దుప్పటి చిరిగినా కాలినా బట్టల గదికి సంబంధం లేదు.

అందుకే మూడు రోజులుగా ఒక కాగితం సంతకం పడకుండా ఆవిడ జాకెట్లోనే నలుగుతోంది. కూతురికి పదిహేడేళ్లు. దూరపు ఊళ్లో పడవల ఇంజన్లు బాగుచేయడం నేర్పే బడిలో సీటొచ్చింది. అక్కడ హాస్టల్లో ఉండాలంటే ఇంటి పెద్ద ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. తండ్రి పోయి ఆరేళ్లు, ఉన్న పెద్ద ఈవిడే. బస్సేమో ఇవాళ సాయంత్రమే.

"పెట్టమ్మా! నన్నేమన్నా అమ్మేస్తున్నావా?" అంది పొద్దున పిల్ల.

"నీకేం తెలుసే! సంతకం పడితే చేతులు దులుపుకున్నట్టే. నేను రోజూ చేసేదేగా."

మధ్యాహ్నం అన్నం మానేసి, ఎదురు వీధిలో ఉచితంగా సలహా చెప్పే వకీలమ్మ దగ్గరికి పోయింది. కాగితం బల్లమీద పరిచింది.

"ఇందులో సంతకం పెడితే పిల్ల నాది కాకుండా పోతుందామ్మా?"

వకీలమ్మ కళ్లజోడు పైకి తోసుకుంది. "ఎవరు చెప్పారండీ మీకు? పద్దెనిమిది నిండేదాకా, మీరు ఒప్పుకోందే పిల్ల వేరేచోట ఉండటానికి లేదు. ఒప్పుకున్నా బాధ్యత మీదే. ఏం తింటోంది, ఒంట్లో ఎలా ఉంది, మీరే కనుక్కోవాలి. అక్కడ బాగోలేదంటే మీరే వెళ్లి తెచ్చుకోవాలి."

"సంతకం పెట్టాక కూడానా?"

"వంద పెట్టండి. ఆ బరువు దిగదు."

"చట్టంలోనే రాశారా ఈ మాట?"

"రాశారు."

ముక్కూమొహం తెలియని పెద్దలెవరో ఎక్కడో కూర్చుని, తనలాంటి మనిషిని తలుచుకుని అంత మాట రాశారా! పిల్ల నుదుటి మీద చెయ్యేసి జ్వరం చూడటం, సందు మలుపు దాకా వెళ్లి ఎదురుచూడటం, ఎవరూ పని అనుకోని ఆ పనంతా అచ్చులో ఉందా! ఆవిడ గోడ పొడుగునా ఉన్న పుస్తకాలను కొండను చూసినట్టు తలెత్తి చూసింది.

"ఆ పుస్తకం ఓసారి ముట్టుకోవచ్చా తల్లీ?"

వకీలమ్మ నవ్వలేదు. తీసి ఇచ్చింది. ఆవిడ చేతులు చెంగుకు తుడుచుకుని అందుకుంది.

"అమ్మో, ఇంత బరువా!"

"అంతా మీదే అనుకునేరు. మీది ఒక్క పేజీయే."

అక్కడే, ఆ బల్లమీదే, ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టింది.

సాయంత్రం బస్సు దగ్గర కాగితం చేతికిచ్చి, "సంబరపడకు. ఇంకా పది నెలలు చట్టప్రకారం నన్ను భరించాలి నువ్వు," అంది.

"ఆ తర్వాతో?"

"ఆ తర్వాత మనిద్దరి మధ్య చట్టానికేం పనే?"

పిల్ల పకపకా నవ్వింది. నవ్వుతూనే బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టేలోగా బస్సు మలుపు తిరిగిపోయింది.

ఆవిడ ఇంటికొచ్చి తలుపు తీసింది. కొత్త బూట్లు తొడుక్కునే హడావుడిలో పిల్ల విడిచేసిన పాత చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి, ఒకటి బయటికి చూస్తూ, పిన్నీసు పెట్టిన రెండోది ఇంట్లోకి చూస్తూ.