‘బాగానే ఉంది’ అని రాసిన పది రోజులు

లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌కు యాభై రెండేళ్ల వయసులో కిడ్నీ క్యాన్సర్ బయటపడింది. కిడ్నీ తీసేసిన ఏడాదికే అది ఊపిరితిత్తులకు పాకింది. అప్పుడు డాక్టరమ్మ ఆసుపత్రిలో జరుగుతున్న ఒక ట్రయల్ గురించి చెప్పింది. రెండు ఇమ్యునోథెరపీ మందులు కలిపి ఇస్తే ఎంత మేలు జరుగుతుందో అందులో చూస్తున్నారు.

"ఒంట్లో కాపలా కాసే కణాలకు బ్రేకులుంటాయి. క్యాన్సర్ ఆ బ్రేకులు నొక్కిపట్టి తప్పించుకుంటుంది. ఈ మందులు చెరో బ్రేకు వదిలిస్తాయి," అందామె.

"రెండు బ్రేకులూ వదిలేస్తే లిఫ్టేమవుతుందో నాకు తెలుసమ్మా."

డాక్టరమ్మ నవ్వలేదు. "అందుకే ఏ చిన్న తేడా వచ్చినా మాకు చెప్పాలి. ఆ కణాలు ఒక్కోసారి మంచి భాగాల మీద కూడా పడతాయి. దాచారంటే ప్రాణం మీదికొస్తుంది."

పక్కనున్న అక్క తలూపింది. ఆమె రిటైరైన లెక్కల టీచరు. తమ్ముడు ఒంటిగాడు కావడంతో ఆసుపత్రి పనులన్నీ తనే నెత్తినేసుకుంది.

మూడు వారాలకోసారి మందు ఎక్కించేవారు. రెండుసార్లు ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. మూడోసారి ఎక్కించాక విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగో రోజుకల్లా రక్తం కనబడింది. రోజూ ఒంట్లో ఎలా ఉందో రాయమని నర్సు ఇచ్చిన డైరీలో మాత్రం అతను "బాగానే ఉంది" అని రాస్తూ పోయాడు. మందు ఎక్కించే గదిలో పక్క కుర్చీ మనిషికి మధ్యలో మందు ఆపేశారు. ఆ తర్వాత ఆ మనిషి మళ్లీ కనబడలేదు. ఆపేస్తే ఇక తన పని కూడా అయిపోయినట్టేనని మెకానిక్ భయం.

పదోరోజు అక్క చూడ్డానికొచ్చింది. ఆమె టీ తాగేలోపు అతను మూడుసార్లు గోడ పట్టుకుని బాత్రూముకు వెళ్లొచ్చాడు.

"ఎన్నాళ్లుగా రా ఇది?"

"ఏదో తిన్నది పడలేదక్కా."

"రోజుకెన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు."

"నేను పెట్టాగా!" అంటూ ఫోను తీసింది. అతను చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పకక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. నన్ను ట్రయల్లోంచి తీసేస్తారు."

"తీసేస్తే తీసేయనీ. ముందు మనిషివి మిగలాలిగా!"

ఫోనెత్తిన ట్రయల్ నర్సు తిట్టలేదు. "వెంటనే తీసుకొచ్చేయండి, నేను బెడ్ చూసి ఉంచుతాను," అంది.

ఆసుపత్రిలో పరీక్ష చేస్తే పెద్దపేగు లోపలంతా వాచిపోయి ఉంది. ఇంకో రెండు రోజులు ఆగుంటే పేగు చిల్లుపడేదన్నారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అతను అయిదు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు గానీ అక్కతో మాట కలపలేదు. ఆమె కూడా బతిమాలలేదు, మంచం పక్కన పేపరు చదువుకుంటూ కూర్చుంది. ఆరోరోజు పొద్దున విరేచనాలు తగ్గాయి.

"ఆకలేస్తోందక్కా," అన్నాడు.

ఆమె పేపరు అడ్డం పెట్టుకుని కళ్లు తుడుచుకుంది. "ఇప్పటికి నోరొచ్చిందన్నమాట!"

నాలుగో మోతాదు ఇవ్వబోమని డాక్టరమ్మ చెప్పింది. అతని మొహం పాలిపోయింది. "అంటే నన్ను తీసేసినట్టేనా?"

"ఆపింది మందునే, మిమ్మల్ని కాదు. స్కాన్‌లు ఎప్పట్లాగే తీస్తాం. మందు ఆపేశాక కూడా కొందరిలో ఆ కణాలు పని చేస్తూనే ఉంటాయి. మీలో ఎలా ఉంటుందో చూడాలి."

నెలన్నర తర్వాత స్కాన్ తీశారు. డాక్టరమ్మ కంప్యూటర్ తెరను వాళ్లవైపు తిప్పింది. ఊపిరితిత్తుల్లో మొదట ఏడు మచ్చలున్న చోట ఇప్పుడు మూడే ఉన్నాయి. ఆ మూడూ సగానికి పైగా కుంచించుకుపోయాయి.

"పూర్తిగా నయమైందని ఇప్పుడే అనను. చూస్తూనే ఉండాలి. కానీ ఇంత బాగా తగ్గుతుందని నేనూ అనుకోలేదు," అంది నవ్వుతూ.

అక్కాతమ్ముళ్లు బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూలబడ్డారు.

"వెళ్దామా?" అంది అక్క.

"కాసేపుండక్కా. ఇప్పుడే లేవబుద్ధి కావట్లేదు."

"నాకూనూ," అని ఆమె చెప్పులు విడిచి, బెంచీ మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.