మెట్ల మీది మసక

టీ గ్లాసు చేతిలో ఉండగానే అతను కెమెరా తెరలు ఒక్కొక్కటే మార్చి చూసుకున్నాడు. గల్లాపెట్టె, ముందు ద్వారం, గుడ్డల తానులు, సరుకు గది, వెనక మెట్లు. గోడలకు చెవులుంటాయని పెద్దలన్నారు గానీ, ఈ బట్టల దుకాణంలో గోడలకు కళ్ళు కూడా ఉన్నాయి. ఆ కళ్ళు చూసినదంతా వచ్చి చేరేది ముందు మెట్ల కింద కిటికీ లేని ఈ గదికే. నిటారుగా నిలబడితే కప్పు నెత్తికి తగులుతుంది. తెరలు వదిలి కదిలితే మేనేజరు ఊరుకోడు. పైన పనిచేసే ఆడవాళ్ళేమో కొనేవాళ్ళు ఉన్నా లేకపోయినా నిలబడే ఉండాలి. వాళ్ళకు కూర్చోవడం నేరం, ఇతనికి లేవడం నేరం.

అందరూ అతన్ని టీవీ బాబాయ్ అంటారు. పెద్దక్క ఒక్కతే తమ్ముడూ అంటుంది. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ తానుల దగ్గర గుడ్డ కొలిచి చింపుతున్న మనిషి. నిలబడీ నిలబడీ మోకాళ్ళు అరిగిపోయాయి. ఒకరోజు గుమ్మంలోకి వచ్చి మెల్లగా అడిగింది.

"తమ్ముడూ, ఆ వెనక మెట్ల బొమ్మ కాస్త మసగ్గా పెట్టలేవూ? నా మోకాళ్ళు నీకు దండం పెడుతున్నాయి."

అతను నవ్వేశాడు గానీ ఆ మాట మనసులోంచి పోలేదు. గల్లాపెట్టె మీది కెమెరా ఖరీదైనది, నోటు మీది అంకెలు కూడా పట్టేస్తుంది. మెట్ల దగ్గరిది చిన్న కటకం. వెలుతురు చాలక బొమ్మ నిండా చీమలు పాకుతున్నట్టుంటుంది. అయినా మొహం పోల్చుకోవచ్చు. అతను సెట్టింగుల్లోకి వెళ్ళి బొమ్మ సైజు తగ్గించి, కుదింపు పెంచాడు. మొహాలు గళ్ళు గళ్ళుగా విడిపోయాయి. అందరివీ ఒకే నీలం కోట్లు కాబట్టి, కూర్చున్నది ఎవరో ఆ దేవుడికి కూడా తెలియదు. అప్పటినుంచీ ఆడవాళ్ళు వంతులవారీగా ఆ మెట్ల మీద కాసేపు కూర్చుని లేచేవారు. బతుకు మొత్తంలో అతను చేసిన తిరుగుబాటు అదొక్కటే, అదీ కూర్చునే చేశాడు.

ఇవాళ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేలోగా మేనేజరు తలుపు తోసుకుని, వంగి లోపలికి వచ్చాడు.

"వెనక మెట్ల మీద ఎవరో కూర్చుంటున్నారు. ఎవరది?"

"తెలియట్లేదు సార్. కెమెరాకే చేతకాదు, పాతది."

"తెర ముందు కూర్చుని తెలియదంటావేంటి? సాయంత్రం ఇవాళ్టి రికార్డింగు నేనే చూస్తా. దొరికినవాళ్ళు రేపట్నుంచి పన్లోకి రానక్కర్లేదు."

దొరికేది ఎవరో అతనికి తెలుసు, మొహం తెలియకపోయినా పెద్దక్క కుంటి నడక పట్టిస్తుంది. మిగతావాళ్ళకు ఇంకో దుకాణం దొరుకుతుంది, ఆ మోకాళ్ళకు దొరకదు. వెళ్ళి చెబుదామంటే కుర్చీ వదలడానికి లేదు, ఫోన్లేమో గేటు దగ్గరే తీసేసుకుంటారు. కూర్చున్న చోటినుంచి చేయగలిగింది ఇంకొక్కటే మిగిలింది. సెకనుకు ఎన్ని బొమ్మలు తీయాలో చెప్పే అంకెను అట్టడుగుకు దించేశాడు. ఇక ఆ తెర మీద మనుషులు నడవరు, ఒక మెట్టు మీద మాయమై ఇంకో మెట్టు మీద తేలతారు. నడక చూసి కూడా ఎవరూ పోల్చలేరు. అతనికి కాస్త ఊపిరాడింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక నీలం మచ్చ గోడవారగా మెట్టు మీద తేలింది. ఆ చోటు పెద్దక్కదే. "కూర్చో అక్కా" అనుకుని, అతను మేనేజరు ఎటు తిరుగుతున్నాడో మిగతా తెరల్లో వెతుక్కుంటూ కంటికి రెప్పలా కాపలా కాశాడు. పైన బేరాలు ముమ్మరంగా ఉండటంతో ఇంకెవరూ అటు రాలేదు. మధ్యమధ్య మెట్ల వైపు ఒక చూపు వేసేవాడు. మచ్చ ఉన్నచోటే ఉంది. కునుకు పట్టినట్టుంది పాపం, పట్టనీ అనుకున్నాడు.

సరుకు మోసే మనిషి అటుగా దిగాడు. తెర మీద మచ్చ పక్కన ఇంకో మచ్చ, ఆ తర్వాత ఒక్కసారిగా బోలెడు మచ్చలు. అతను నెత్తి సంగతి మరిచి లేచాడు. దెబ్బ తగిలిన సంగతి కూడా తెలియలేదు.

పెద్దక్క గుండె ఆగిపోయి చాలాసేపయిందని డాక్టరు చెప్పాడు.

సాయంత్రం మేనేజరే ఆమె కూతుర్ని గదిలోకి తీసుకొచ్చాడు. తల్లి తమ్ముడంటుంది కాబట్టి ఆ పిల్ల అతన్ని మామయ్యా అంటుంది.

"మామయ్యా, అమ్మ నొప్పి పడిందా? ఎవర్నైనా పిలిచిందా? ఒకసారి చూపించండి."

అతను చూపించాడు. నీలం మచ్చ గోడకు ఆనుకుంది. ఒక బొమ్మలో చెయ్యి ఛాతీ మీద ఉన్నట్టుంది. తర్వాతి బొమ్మలో ఒళ్ళో ఉంది. ఆ రెంటి నడుమ ఏం జరిగిందో రికార్డు కాలేదు.

"మొహం కనబడట్లేదు. కొంచెం దగ్గరికి తెండి."

తెచ్చాడు. గళ్ళు పెద్దవయ్యాయి. మొహం ఉండాల్సిన చోట నాలుగైదు గోధుమరంగు చదరాలు, నోరు ఉండాల్సిన చోట ఒక నల్లది.

"ఇంకా దగ్గరికి."

"బొమ్మలో లేనిది పెద్దది చేస్తే రాదమ్మా."

ఆ పిల్ల తెరనే చూస్తూ ఉండిపోయింది. మేనేజరు జాలిగా ఆమె భుజం తట్టాడు.

"ఆయన్నేం అనకమ్మా. కెమెరాకే చేతకాదు, పాతది."

తన అబద్ధం తన ముందే నిజమై నిలబడింది. కాదని చెబితే ఈ రోజుదాకా అక్కడ కూర్చున్న ఆడవాళ్ళందరి పనీ పోతుంది. చెప్పినా చెప్పకపోయినా, అమ్మ నొప్పి పడిందా అన్న ప్రశ్న ఆ పిల్లను బతికినన్నాళ్ళూ తింటుంది. తల్లి చివరి మొహాన్ని ఆమెకు దక్కకుండా చేసింది తన చెయ్యే. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

అప్పుడతను మెట్ల కెమెరా అంకెలన్నీ పూర్తిగా పెంచాడు. బొమ్మ నెమ్మదిగా తేటపడింది. గోడ మీద చేతుల జిడ్డు, మెట్టు అంచున పెచ్చు లేచిన చోటు, మనిషి లేని ఆ మెట్టు మీద విప్పి పరిచిన ఒక అట్టపెట్టె ముక్క, దాని నడుమ కూర్చునీ కూర్చునీ పడిన పల్లం.