మూడున్నరకు లెక్కల పాఠం

యూరియా సంచిలోకి డప్పును దించి, మూతిని సుతిలితో బిగించి, జాషువా దాన్ని బండి వెనక సీటు మీద అడ్డంగా కట్టాడు. దూరం నుంచి చూసినవాళ్లు జల్లెడో, చాటో అనుకోవాలని అతని ఆశ. కట్టంగూర్‌లో ఆ వాడకట్టంతటికీ ఆ సంచిలో ఏముందో తెలుసు. తెలిసీ ఎవరూ అడగరు. పదేళ్లుగా అతను ఇట్లాగే కడుతున్నాడు, వాళ్లు ఇట్లాగే మొహం తిప్పుకుంటున్నారు.

ముందు హ్యాండిల్‌కు మాత్రం ఒక చార్టు చుట్టను అందరికీ కనబడేటట్టు తగిలించాడు. పదో తరగతి పిల్లలు దాని మీద బత్తాయిల కుప్పను, కాంటాను, కాంటా పక్కన బనీనుతో నిలబడ్డ షావుకారును గీశారు. షావుకారు బొజ్జ కాస్త ఎక్కువే గీశారు, జాషువా దిద్దలేదు. బత్తాయి తోటకొచ్చి కొనేవాళ్లు టన్నుకింత అని తరుగు తీస్తారు. ఆ తరుగు గురించి తండ్రులు తిట్టుకుంటుంటే వింటూ పెరిగిన పిల్లలు, పదో తరగతికొచ్చినా శాతాలంటే బిక్కమొహం వేస్తారు. వాళ్లింట్లో ఉన్న లెక్కనే బోర్డు మీద పెట్టి దానికి శాతమని పేరు చెప్పాలి. జాషువా పాఠం అంతే. అందులో పెద్ద గొప్పేమీ లేదని అతనికీ తెలుసు. కానీ ముప్పై ఏళ్ల లెక్కల మాస్టరుగిరీలో తోటి మాస్టర్ల ముందు నిలబడి చెప్పాలనిపించిన పాఠం అదొక్కటే. ఈ నెలాఖరుకు అతను రిటైరవుతున్నాడు. ఇక చెప్తే ఇవాళే చెప్పాలి.

స్వర్ణ టిఫిన్ డబ్బా అందిస్తూ చార్టు వంకా, సంచి వంకా చూసింది.

"ఇగ ఆఖరు ట్రైనింగు. గీ సారన్న లెక్కలు చెప్పనిస్తరా, గదేనా?"

"మూడున్నరకు ఏసిండు కృష్ణకాంత్ సారు. నా పేరు రాసుంది."

"పోయినసారి గూడ రాసుండె," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

శిక్షణ నకిరేకల్‌లో, ఒక బడి మేడ మీది హాల్లో. అయిదు రోజుల్లో ఇది చివరిది. ఏటా వీళ్లే మాస్టర్లు, ఇవే బిస్కెట్లు. మారేది బ్యానర్ మీది పేరొక్కటే. ఈ ఏడు 'సమ్మిళిత, సాంస్కృతిక స్పందనాత్మక బోధన' అని రాయించారు. ఆ మాటను తడబడకుండా పలకడానికి సగం మందికి మూడు రోజులు పట్టింది, మిగతా సగం ప్రయత్నించలేదు. ఏ ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడినైనా ఆ ఇంటి బతుకుతో సహా తరగతిలో కలుపుకోవాలన్నది దాని భావం. మంచి మాట. ఇంత మంచి మాటను ఇంత మంది కలిసి ఇన్ని రోజులు నమిలి పిప్పి చేశారు.

మెట్ల దగ్గర ఐలేశం చంకకర్రలు సర్దుకుంటున్నాడు. సోషల్ మాస్టరు, చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. కింద మూడు గదులు ఖాళీగా ఉన్నాయి. మైకు సెట్టు పైన ఉంది కనుక శిక్షణ పైనే.

"అందర్ని కలుపుకునేది మీదంతస్తుల ఉన్నదట జాషువా. పా, ఎక్కుదాం," అన్నాడు ఐలేశం.

ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ ఎక్కారు. పైనుంచి కృష్ణకాంత్ ఎంతో ఆదరంగా నవ్వి, ఐలేశం గారి పట్టుదలను అందరూ చూసి నేర్చుకోవాలని మైకులో అన్నాడు. చప్పట్లు పడ్డాయి. కుర్చీ తెచ్చి వేసినవాడు లేడు.

కృష్ణకాంత్ పేరుకు ఫిజిక్సు మాస్టరు. తరగతి గది గడప తొక్కి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తులేదు. శిక్షణలే అతని ఉద్యోగం. మోత్కూర్ దగ్గర పదెకరాల ఆసామి ఇంటి బిడ్డ, మంచి గొంతు, ఇస్త్రీ చెదరని ఖద్దరు చొక్కా, అటెండరును కూడా సార్ అని పిలిచే మర్యాద. చెడ్డవాడైనా బాగుండేది, తిట్టి వదిలేయవచ్చు. అతను నిజంగానే మంచి చేస్తున్నాననుకునే రకం, అట్లాంటివాడి చేతిలో పడితే బయటపడే దారి ఉండదు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో, తెలంగాణ సంస్కృతి ఉట్టిపడాలని పైనుంచి కాగితం వచ్చినప్పుడు, ప్రారంభోత్సవానికి డప్పు వాయించేదెవరని కృష్ణకాంత్ హాలంతా కలియజూశాడు. చూపు వరసగా అందరి మీదుగా జారి జాషువా దగ్గర ఆగింది. "సార్, మీకొస్తది గదా," అన్నాడు. రాదని జాషువా చెప్పాడు. అందరూ నవ్వారు, మొహమాటపడుతున్నాడనుకున్నారు. లెక్కల మాస్టరుకు డప్పు ఎందుకు రావాలని ఆ హాల్లో ఒక్కరికీ తోచలేదు. ఆ మర్నాడే కృష్ణకాంత్ శిక్షణ డబ్బుల్లోంచి ఒక డప్పు కొనిపించి, ఎంతో గౌరవంగా రెండు చేతులా అతనికి అందించాడు.

అప్పుడే వద్దనాల్సింది. జాషువా అనలేదు. అంతకన్నా సిగ్గుమాలిన పని చేశాడు, నేర్చుకున్నాడు. ఇంట్లో తలుపులు వేసుకుని, ఫోనులో వీడియోలు పెట్టుకుని, ఎవరో కుర్రవాళ్లు వాయిస్తుంటే చూసి వాయించాడు. రెండో శిక్షణకే చప్పట్లు మోగాయి. పేపరులో జిల్లా పేజీలో ఫొటో పడింది. అన్నేళ్లు లెక్కలు చెప్పినా పేరయినా తెలియని అధికారులు భుజం తట్టారు. అది అతనికి నచ్చింది కూడా. ఆ నచ్చడాన్ని తలుచుకున్నప్పుడల్లా ఇప్పుడు తన మీద తనకే ఉమ్మేయాలనిపిస్తుంది.

అతని బాపు మైసయ్య ఊళ్లో ప్రతి శవం ముందూ డప్పు కొట్టినవాడు. కొట్టి, తువాలులో పడేసిన అన్నం తెచ్చుకుని పిల్లల్ని సాకినవాడు. కొడుకును మిషన్ హాస్టల్లో చేర్చిన రోజున డప్పును అటక మీదికి విసిరి, "గది నాతోటి ఆఖరు," అన్నాడు. ఎన్ని ఇళ్లవాళ్లు వచ్చి బెదిరించినా మళ్లీ దించలేదు. తోలును ఎలుకలు కొరికేశాయి. పేపరులో ఫొటో పడ్డ నాటికి మైసయ్య మంచాన ఉన్నాడు. చదువు రాదు, బొమ్మ చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవలు నేర్పిన్రు?" అని అడిగాడు.

"ఫోన్ల చూసి నేర్చుకున్న బాపు."

"గందుకే. సిటికెనపుల్ల గట్ల పట్టరు," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తరువాత బతికిన నాలుగు నెలల్లో ఆ ఊసు ఎత్తలేదు. డప్పు మీద కుడిచేతిలో పట్టే లావుపాటి చిర్రను ఎట్లా కొట్టినా ఏదో ఒక మోత వస్తుంది. ఎడమచేతి సన్నపుల్ల, అదే సిటికెనపుల్ల, దగ్గరే తెలిసినవాడెవడో తెలియనివాడెవడో బయటపడతాడు. జాషువాకు ఆ సంగతి అప్పుడు తెలిసింది. తెలిసినా దిద్దుకోలేదు.

పొద్దుటి పూట చప్పట్ల ఆటతో గడిచిపోయింది. బట్టతలల పెద్దమనుషులు గుండ్రంగా నిలబడి కుందేలు పాట పాడారు. తరువాత ప్రత్యేక అవసరాల పిల్లల సెషన్‌లో ఐలేశాన్ని స్టేజీ ఎక్కించి, చిన్నప్పుడు పడ్డ బాధలు చెప్పమన్నారు. నిరుడు చెప్పినవే చెప్పాడు. నిరుడు కళ్లు తుడుచుకున్నవాళ్లే మళ్లీ తుడుచుకున్నారు. మధ్యాహ్నం బగారా అన్నం, కోడికూర. పొద్దంతా చేయీ చేయీ పట్టుకుని కలుపుకోవడం నేర్చుకున్నవాళ్లు, ప్లేటు చేతికి రాగానే ఎవరి గుంపులోకి వాళ్లు సర్దుకున్నారు. దానికి శిక్షణేమీ అవసరం లేదు.

జాషువా, ఐలేశం ఎప్పటిలాగే కిటికీ పక్కన కూర్చున్నారు. ఒకమ్మాయి తన ప్లేటు పట్టుకుని వాళ్ల దగ్గరికే వచ్చింది. పేరు స్నిగ్ధ, కొత్తగా ఉద్యోగంలో చేరింది.

"మూడున్నరకు మీదే గదా సార్? నాది గూడ మ్యాథ్సే. శాతాలు చెప్తుంటే పిల్లలు నా మొకమే చూస్తున్నరు తప్ప ఒక్కటి చేస్తలేరు. ఇయ్యాల ముందట కూసుంట."

జాషువా ప్లేటు కింద పెట్టి, అక్కడే చార్టు కొస విప్పి షావుకారు బొజ్జ చూపించాడు. ఆ అమ్మాయి పకపకా నవ్వి, తన బళ్లో పిల్లలు పత్తి ఏరడానికి పోతారని, కిలోకింత కూలి అని, దాంతోనూ ఇట్లా చేయవచ్చా అని అడిగింది. చేయవచ్చన్నాడు. సంతోషంతో ప్లేటు సంగతే మరిచిపోయాడు. ఆమె వెళ్తూ వెళ్తూ, ఇన్ని రోజులూ మీరు డ్రాయింగో, సంగీతమో అనుకున్నాను సార్ అని కాస్త సిగ్గుపడింది. అది కూడా ఆ పూట అతన్ని నొప్పించలేదు.

మూడున్నరయింది. జాషువా చార్టును బోర్డుకు ఒక మూల అతికించి, రెండో మూల పట్టుకున్నాడు. అప్పుడే కృష్ణకాంత్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉరికినట్టు వచ్చాడు. ముగింపు సభకు పై అధికారి బయల్దేరిందట, గంట ముందుగానే వస్తోందట. కుర్చీలు తిప్పించాడు, స్టేజీ మీద కొత్త గుడ్డ పరిపించాడు. ముందు వరసలో కూర్చున్న స్నిగ్ధ చేతికి పూలగుచ్ఛం ఇచ్చి, గేటు దగ్గర నిలబడమన్నాడు. కొత్తవాళ్లు నిలబడితే చూడ్డానికి బాగుంటుందన్నాడు. ఆమె జాషువా వైపు ఒకసారి చూసి, పూలు పట్టుకుని వెళ్లింది.

"సార్, మీ పాఠం మాడ్యూల్ల ఉన్నది గదా, ఇంటికాడ సదువుకుంటరు. జర డప్పు కాచి రెడీగుంచుండ్రి," అన్నాడు కృష్ణకాంత్.

"పావుగంట చాలు సార్ నాకు."

"మేడం వచ్చేస్తాంది సార్. మీ డప్పు మోగంగనే సగం సెషన్ అయిపోయినట్టే."

జాషువా చార్టు చుట్టాడు. బడి వెనక్కి దిగి వెళ్లి, సంచి విప్పాడు. డప్పు తోలును మంటకు కాస్తే గాని బిగుసుకోదు, బిగుసుకుంటే గాని మోగదు. గడ్డి దొరకలేదు. అటెండరు స్టోరు గది తెరిచి, నిరుటి శిక్షణ పుస్తకాల కట్టలు రెండు తెచ్చి పడేశాడు. తాళ్లు కూడా విప్పని కట్టలు. వెల్లివిరిసే నవ్వులతో పిల్లలు, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, అట్ట మీద ఉన్నారు. బాగా కాలాయి. పుస్తకాలు ఇంత పనికిరావడం ఆ శాఖలో ఇదే మొదలేమో.

తోలు వాసన లేచింది. మీటితే ఖంగుమనేదాకా డప్పును తిప్పి తిప్పి కాచాడు. చాటుగా ఏదో పట్టుకుని కృష్ణకాంత్ వచ్చాడు.

"సభలనే ఇద్దామనుకున్న గాని ఆగలేకపోయిన సార్," అని కాగితం విప్పాడు. బంగారు రంగు ఫ్రేము. పాత పేపరు ఫొటోను పెద్దది చేయించాడు. డప్పుతో జాషువా, కింద 'తెలంగాణ సంస్కృతికి నిలువుటద్దం, డప్పు కళాకారులు శ్రీ జాషువా గారికి ఉద్యోగ విరమణ సందర్భంగా' అని అక్షరాలు. లెక్కలనే మాట ఎక్కడా లేదు. కృష్ణకాంత్ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, నిజం నీళ్లే.

జాషువా అక్షరాలు ఒకసారే చదివాడు. తరువాత ఫొటోలో తన ఎడమచేతిని చూశాడు. అంత పెద్దది చేస్తే ఎవరికైనా కనబడుతుంది. సన్నపుల్లను పలక మీద పెన్సిలు పట్టినట్టు పట్టుకుని ఉన్నాడు.

"సిటికెనపుల్ల గట్ల పట్టరు సార్," అన్నాడు.

"గవన్ని ఎవలు చూస్తరు సార్," అని నవ్వి కృష్ణకాంత్ ఫ్రేము చంకలో పెట్టుకుని, గేటు దగ్గర కారు మోత వినబడి పరుగెత్తాడు.

చూసినవాడు ఒక్కడున్నాడు. వాడు గోడవైపు తిరిగిపోయాడు.

జాషువా డప్పు పట్టుకుని మేడ ఎక్కాడు. స్టేజీ మీద అతనికోసం ఒక కుర్చీ వేశారు. డప్పును ఆ కుర్చీలో పెట్టి, దాని మీద చిర్రను, సన్నపుల్లను పెట్టాడు. బోర్డు కింద నుంచి చార్టు చుట్టను తీసుకున్నాడు. మెట్ల దగ్గర, కిందికి దిగే ఓపిక లేక అక్కడే కూర్చున్న ఐలేశం తలెత్తాడు.

"యాడికి?"

"బడికి. పదోతరగతోళ్లకు సాయంత్రం క్లాసు ఉన్నది."

"మరి గాడ వాయించేదెవలు?"

"వాళ్లే వాయించుకుంటరు."

ఐలేశం ఒక చంకకర్రను పక్కకు తీసి దారి ఇచ్చాడు. గేటు దగ్గర పూలిచ్చి ఖాళీ చేతులతో నిలబడ్డ స్నిగ్ధ, బండి స్టార్టు చేస్తున్న జాషువాను చూసి ఏదో అడగబోయింది. అతను చార్టును హ్యాండిల్‌కు కట్టుకున్నాడు. పత్తి లెక్క చేసి చూడమ్మా, ఇబ్బందయితే మా బడికి రా, ఇంకా కొన్ని రోజులుంటాను అని చెప్పి హైవే ఎక్కాడు. వెనక మైకులో తన పేరు ఒకసారి, మళ్లీ ఒకసారి వినబడింది. మూడోసారి లారీల చప్పుడులో కలిసిపోయింది.

పైన హాల్లో అందరూ చప్పట్లు కొట్టి, ఆపి, ఒకరినొకరు చూసుకున్నారు. కాసేపటికి కృష్ణకాంత్ గొంతు సవరించుకుని అధికారిని మాట్లాడమన్నాడు. ఆమె సమ్మిళితం గురించి చాలాసేపు మాట్లాడింది. పక్క కుర్చీలో డప్పు, ఫ్యాను గాలికి కాక తగ్గేకొద్దీ, తోలు వదులవుతూ చల్లారింది.