తడి వేళ్లకు పడని బటన్

ఆఫీసులో అందరూ అతన్ని మేస్త్రీ అనేవారు. కొత్తగా ఏదైనా కట్టాలంటే అందరికంటే ముందుంటాడు. ఉన్నదాంట్లో బీట పూడ్చమంటే మాత్రం చెవిన పడనట్టే ఉంటాడు. వాళ్లు చేసేది ఫోన్‌లో హాజరు వేసుకునే యాప్. వాడేవాళ్లు రాసిన ఫిర్యాదులన్నీ ఒక జాబితాలో పడతాయి. తొంభై రోజులు ఎవరూ ముట్టుకోకపోతే, బాగుచేశామని దానంతటదే జవాబు వెళ్లిపోతుంది. ఒక్క ఫిర్యాదూ మిగల్లేదని మేస్త్రీ మీసం మెలేసేవాడు.

వాళ్లకు పైనున్నావిడను అందరూ అక్క అంటారు. ఆవిడ ఆ ఉత్తుత్తి జవాబుల్ని ఆపించి, వారానికి తలా ఒక చిన్న ఫిర్యాదు తీసుకోమంది. కోడ్ తెరిచేముందు, రాసిన మనిషికి ఫోన్ చెయ్యాలి. అదీ షరతు. ఇంత చిన్నవాటికి నేనెందుకని మేస్త్రీ గొణిగాడు. అక్క ఒక నంబరు రాసి చేతిలో పెట్టింది.

ఫోన్ ఎత్తింది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆవిడ. వెనక యంత్రాల మోత.

"మూడుసార్లు రాశాను బాబూ. మూడుసార్లూ బాగుచేశామనే అన్నారు. నేను నొక్కితే మాత్రం పడి చావట్లేదు."

మధ్యాహ్నం విరామం అయ్యాక మళ్లీ హాజరు వెయ్యాలట. అప్పటికి ఆమె చేతులు పొద్దుటినుంచీ నీళ్లలో నాని ఉంటాయి. నొక్కీ నొక్కీ గడువు దాటిపోతుంది. ఆలస్యమని పడుతుంది. ఇంకొక్కటి పడితే పనిలోంచి తీసేస్తానన్నాడట సూపర్‌వైజరు.

మేస్త్రీ బకెట్‌తో నీళ్లు తెచ్చి, బల్ల పక్కన పెట్టుకుని, చెయ్యి ముంచి కూర్చున్నాడు.

"మొలకలొచ్చాక చెప్పరా," అన్నాడు పక్క కుర్చీవాడు.

అరగంటకు వేళ్లు ముడతలు పడ్డాయి. తుడుచుకుని పదిసార్లు నొక్కాడు. ఒక్కసారి పడింది.

కోడ్ తీశాడు. వేలు కదపకుండా మూడు సెకన్లు నొక్కి ఉంచాలని ఉంది. నానిన వేలి తాకిడి ఫోన్‌కు అంతసేపు అందట్లేదు. ఫోన్ జేబులో ఉండగా పొరపాటున నొక్కుకోకుండా పెట్టిన జాగ్రత్త అది. రాసిందెవరా అని చూస్తే తన పేరే. చెవులు వేడెక్కాయి.

ఒకసారి తాకి, తర్వాత వచ్చే పెద్ద 'అవును'ని తాకితే చాలనేలా మార్చాడు. మొత్తం పదకొండు వరుసలు. ముడతల వేళ్లతోనే పదిసార్లు నొక్కాడు. పదీ పడ్డాయి. పక్క కుర్చీవాడు ఆ ఫోన్ జేబులో వేసుకుని నాలుగు అంతస్తులు ఎక్కి దిగాడు. ఒక్కటీ పొరపాటున పడలేదు. సాయంత్రానికల్లా అక్క దాన్ని యాప్ వాడే అందరి ఫోన్లకూ పంపించింది. తప్పు మాదేనని, పాత ఆలస్యాలు కొట్టెయ్యమని సూపర్‌వైజరుకు మేస్త్రీ ఉత్తరం రాసి, కింద తన సంతకం పెట్టాడు.

మర్నాడు ఆమె విరామం అయ్యే వేళకు అతనికి ఏ పనీ తోచలేదు. ఫోన్ మోగింది.

"పడింది బాబూ. మొదటిసారికే."

సూపర్‌వైజరు ఉత్తరం రెండుసార్లు చదివి పాతవన్నీ కొట్టేశాడట. మేస్త్రీ గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు. ఆమె కాస్త నసిగింది.

"ఇంకోటుంది, చెప్పొచ్చా? మా ఇస్త్రీ తాతకు అందులో అక్షరాలు ఆనట్లేదు. రోజూ నేనే చదివిపెట్టాలి."

మేస్త్రీ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"తాతకే ఇవ్వమ్మా ఫోను. ఆయన్నే చెప్పమను."